తడిగుడ్డలో నోరు

ఆగి ఉన్న బస్సుకీ ఫుట్‌పాత్ అంచుకీ మధ్య సైకిలు హ్యాండిలు పట్టేంత సందు ఉంది. ఆమె అందులోకి దూరింది. సరిగ్గా అప్పుడే బస్సు కదిలింది.

వెనక్కి వచ్చే వీలు లేదు. ఎడమ మోచెయ్యి ఫుట్‌పాత్ మీది ఇనుప కడ్డీలను రాసుకుంటోంది. కుడి భుజం పక్కనే బస్సు చక్రం తిరుగుతోంది. ఆమె ఊపిరి బిగబట్టి, తల తిప్పకుండా తొక్కింది. హమ్మయ్య అనుకునేలోపు ముందు ఆగిన కారు తలుపు తెరుచుకుంది. రెండు బ్రేకులూ కలిపి నొక్కింది. తలుపు అంచు ముందు చక్రానికి బెత్తెడు దూరంలో ఆగింది.

“చూసుకుని రావాలమ్మా!” అన్నాడు దిగినాయన.

“తలుపు తీసింది మీరు. చూసుకోవాల్సింది నేనా?”

“సైకిలే కదా, పక్కనుంచి పోవచ్చుగా?”

“ఏ పక్కనుంచి? ఇటు మీరు, అటు బస్సు. ఎగరమంటారా?”

ఆయన జవాబు వినకుండానే ఫోను చెవికి పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆమె చెయ్యి అప్పటికే వెనక క్యారియరు మీదికి పోయింది. చెక్కపెట్టె ఉంది. దాన్ని బిగించి కట్టిన పాత ట్యూబు ముక్క ఉంది. మూత కొంచెం ఎత్తి, లోపలి గుడ్డను వేలితో తాకి చూసింది. తడిగానే ఉంది.

ఆ గుడ్డలో ఎవరిదో నోరు ఉంది.

ల్యాబులో వాళ్ళు దాన్ని అచ్చు అంటారు. పళ్ళ డాక్టరు గులాబి రంగు పొడిని నీళ్ళతో కలిపి, ముద్ద చేసి, రేకు తట్టలో నింపి మనిషి నోట్లో నొక్కి పెడుతుంది. గట్టిపడ్డాక బయటికి తీస్తే చిగుళ్ళు, మిగిలిన పళ్ళు, అంగిలి మీది ముడతలతో సహా అందులో దిగుతాయి. దాని తడి ఆరకముందే ల్యాబుకు చేర్చాలి. అక్కడ అందులో ప్లాస్టరు పోస్తారు. ఆ ప్లాస్టరు నోటిని బట్టి కట్టుడు పళ్ళు చేస్తారు. దారిలో ఎండిపోతే అచ్చు ముడుచుకుంటుంది. ముడుచుకున్న అచ్చుతో చేసిన పళ్ళు ఏ నోటికీ పట్టవు. పాపం ఆ మనిషి మళ్ళీ వచ్చి, మళ్ళీ నోరు తెరిచి, వచ్చే వాంతిని మళ్ళీ ఆపుకోవాలి.

క్లినిక్కుల నుంచి ల్యాబుకు నోళ్ళు తేవడం, ల్యాబు నుంచి క్లినిక్కులకు పళ్ళు చేర్చడం ఆమె పని. దారిపొడుగునా ఆమెను అందరూ సైకిలక్క అనే పిలుస్తారు.

యాభైకి దగ్గర పడిన మనిషి. సన్నటి ముఖం, ఎండకు కమిలిన మెడ, గట్టిపడిన పిక్కలు. దుమ్ము పడకుండా తన బట్టల మీద భర్త చొక్కా ఒకటి తొడుక్కుని, చేతులు మోచేతుల దాకా మడుస్తుంది. సైకిలు కూడా ఆయనదే. మధ్యలో అడ్డకడ్డీ ఉన్న మగవాళ్ళ సైకిలు. ఎక్కాలంటే దాన్ని ఏ గట్టుకో చేరవేసి, పక్కకు వంచి, కాలు దాటించాలి. రోజూ పొద్దున్నే గుమ్మం ముందు ఆ తంతు చూస్తూ అత్తగారు ఏదో ఒకటి అంటూనే ఉంటుంది.

“నా కొడుకు దాని మీదే పోయాడు. నువ్వూ దాన్నే పట్టుకున్నావు. ఆ సైకిలుకి ఇంకా ఆకలి తీరలేదే పిల్లా” అంది ఇవాళ.

“ఆకలి మనకి అత్తయ్యా, దానికి కాదు” అని ఆమె వచ్చేసింది.

ఆమె భర్త కూడా ఇదే పని చేసేవాడు. కొన్నేళ్ళ కిందట ఒక సాయంత్రం, వంతెన దిగే మలుపులో, ట్రక్కు ఆయన్ని చూడలేదు. చూశానని డ్రైవరు అన్నాడు. చూడలేదని చూసినవాళ్ళు అన్నారు. ఆ మలుపు వచ్చినప్పుడల్లా ఆమె దిగి సైకిలు నడిపించుకుంటూ వెళుతుంది. వెనక వాహనాలు హారన్లు కొడతాయి. కొట్టనీ.

ఆ సాయంత్రం ఆమె అక్కడికి పరుగెత్తుకు వచ్చేసరికి ఆయన్ని తీసుకెళ్ళిపోయారు. సైకిలు గోడకు ఆనించి ఉంది. తారు మీద పళ్ళు పడి ఉన్నాయి. పైవరస, కిందివరస, ఎర్రటి చిగుళ్ళతో సహా. అవి ఆయనవే అనుకుంది. వంగి చూశాక తెలిసింది, కట్టుడు పళ్ళని. ఆ ఒక్క క్షణం ఆమె నవ్వింది. మొగుడు పోయిన చోట నిలబడి నవ్విన మనిషని తర్వాత చాలా రోజులు చెప్పుకున్నారు.

ఆ పళ్ళు ఎవరివని ఆమె ఆ రోజు అడగలేదు. ఆ తర్వాతా అడగలేదు. ఈ పనిలో చేరి, రోజూ అలాంటివే పేర్లు చూసి మోస్తూ కూడా అడగలేదు.

అడగాలనుకున్నది వేరే ఉంది.

బజారు దాటి కుడివైపు తిరిగితే ల్యాబుకు దగ్గరి దారి. ఇరుకు సందు. దాని మొదట్లో ఎదురుగా ఏం వస్తోందో కనపడని మలుపు. అక్కడ బెల్లు కొట్టకుండా తిరిగితే ఏ స్కూటరుకో బలి. అందుకని రోజూ కొడుతుంది. పాత బెల్లు, ఒకసారి నొక్కితే రెండుసార్లు మోగుతుంది. అది మోగిన ప్రతిసారీ సందు మధ్యలో ఒక గేటు తెరుచుకుంటుంది.

సగమే తెరుచుకుంటుంది. ఒక చెయ్యి, లేతరంగు బట్ట అంచు కనపడతాయి. ఆమె దగ్గరికి వచ్చేలోపు గేటు మూసుకుంటుంది.

మొదట్లో పట్టించుకోలేదు. తర్వాత ఒక రోజు గేటు సందులోంచి లోపలి మెట్టు కనపడింది. మెట్టు మీద ఆడవాళ్ళ చెప్పులు. మర్నాడూ అక్కడే, ఆ పక్క రోజూ అక్కడే. ఆయన బెల్లుకు అక్కడ ఎవరో ఆడమనిషి అలవాటు పడి ఉందని ఆ రోజు నుంచి ఆమెకు అనుమానం పట్టుకుంది. పోయే ముందు కొన్నాళ్ళు ఆయన ఇంటికి ఆలస్యంగా వచ్చేవాడు. రైలు గేటు పడిందనేవాడు. గాలి పోయిందనేవాడు. చొక్కా ఉతుకుతుంటే తమ ఇంట్లో ఎవరూ వాడని మందునూనె వాసన వచ్చేది. ఇంట్లో పట్టుమని పది మాటలు మాట్లాడని మనిషి. మిగతా మాటలన్నీ ఎక్కడ మాట్లాడాడు?

గేటు తట్టి అడగొచ్చు. అడిగితే తెలుస్తుంది. తెలిస్తే, ఆయన చొక్కా తొడుక్కుని ఆయన దారిలో తిరగడానికి రేపటి నుంచి ఆమెకు కాళ్ళు ఆడవు. అందుకే ఆ గేటు ముందు ఎప్పుడూ కొంచెం గట్టిగా తొక్కుతుంది.

ఇవాళా బెల్లు కొట్టి సందులోకి తిరిగింది. గేటు తెరుచుకుంది. చెయ్యి, బట్ట అంచు. ఆమె చూపు అటే ఉంది. అందుకే కిందికి చూడలేదు.

నీళ్ళ గొట్టాల కోసం నిన్న తవ్వి, ఇవాళ ఎవరూ పూడ్చని గొయ్యి. ముందు చక్రం అందులోకి దిగింది. హ్యాండిలు కడుపులో పొడుచుకుంది. ఆకాశం, గోడ, మట్టి ఒకదాని వెంట ఒకటి తిరిగాయి. పడుతూనే ఆమె రెండు చేతులూ వెనక పెట్టెను పట్టుకున్నాయి. మోకాలు రాయికి కొట్టుకుంది.

“దెబ్బ తగిలిందా తల్లీ?”

మాట సరిగ్గా అర్థం కాలేదు. గాలి ఎక్కువ, అక్షరం తక్కువ. ఆమె తల ఎత్తింది. గేటు మొదటిసారి పూర్తిగా తెరిచి ఉంది. అందులో ఒక ముసలాయన. లోపలికి పోయిన బుగ్గలు, ముక్కును అందుకోవాలని చూసే గడ్డం. నోట్లో ఒక్క పన్ను లేదు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా మాత్రం మెడదాకా గుండీలు పెట్టి ఉంది.

ఆమె లేవలేదు. అడగడానికి అంతకన్నా మంచి సమయం రాదనిపించింది.

“లోపల ఎవరున్నారు?”

“ఎవరూ లేరమ్మా.”

“ఆ చెప్పులు ఎవరివి?”

ఆయన వెనక్కి తిరిగి మెట్టు వంక చూశాడు. ఆ చెప్పులు అక్కడున్నాయని ఆయనకు అప్పుడే గుర్తొచ్చినట్టుంది.

“మా ఆవిడవి.”

“పిలవండి. మాట్లాడాలి.”

“పోయింది తల్లీ. మీ ఆయన పోయిన వారానికే పోయింది.”

మోకాలి మీద రక్తం పాదం వైపు దిగుతోంది. ఆమె తుడుచుకోలేదు.

“మా ఆయన మీకు తెలుసా?”

ముసలాయన గేటు కడ్డీ పట్టుకున్నాడు. పెదవులు లోపలికీ బయటికీ కదిలాయి. మాట తయారవడానికి సమయం పట్టింది.

“ఆ రోజు క్లినిక్కు నుంచి ఆయన తెస్తున్నది నా పళ్ళే” అన్నాడు.

ఆమెను లోపలికి పిలిచాడు, మంచినీళ్ళు ఇచ్చాడు. ఒక మంచం, ఒక కుర్చీ, కిటికీ. మంచం మీద దుప్పటి ముడత లేకుండా పరిచి ఉంది. ఆ గదిలో ఆ మందునూనె వాసన ఇంకా ఉంది. ఇన్నేళ్ళూ ఆమె ముక్కులో దాక్కున్న వాసన.

ఆయన చెప్పాడు. చాలా మాటలు రెండేసి సార్లు అడగాల్సి వచ్చింది.

ఆయన పెద్ద బస్‌స్టేషన్లో ప్రకటనలు చదివిన మనిషి. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం అని ఊరందరికీ గొంతుతో దారి చూపించినవాడు. భార్యకు చెవులు వినపడవు. పెళ్ళయినప్పటి నుంచీ ఆయన పెదవులు చూసి మాట తెలుసుకునేది. ఆమె మంచం పట్టిన రోజుల్లోనే ఆయన పళ్ళన్నీ తీసేశారు. పళ్ళు పోయాక పెదవులు లోపలికి పోయాయి. ఆమెకు ఆయన మాట అందడం మానేసింది.

“రాసి చూపించొచ్చుగా?” అంది సైకిలక్క.

“చదువు లేదమ్మా తనకి. నా మూతే తన పుస్తకం.”

కొత్త పళ్ళ కొలతల కోసం భార్యను వదిలి క్లినిక్కుకు పదేపదే పోలేకపోయాడు. డాక్టరమ్మ జాలిపడి, నోట్లో పెట్టి సరిచూడాల్సిన మైనపు పళ్ళను సైకిలాయన చేత ఇంటికే పంపేది. మొదటి సాయంత్రం, భార్య ఏదో అడుగుతుంటే ముసలాయన చెప్పలేక చేతులు తిప్పుతున్నాడు. సైకిలాయన గుమ్మంలో నిలబడి చూశాడు. తర్వాత చెప్పులు విడిచి వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. ‘మీరు నాకు చెప్పండి, నేను అమ్మగారికి చెప్తాను’ అన్నాడు.

“రోజూ వచ్చేవాడు. సందు మలుపులో బెల్లు కొట్టేవాడు. నేను గేటు తీసేవాణ్ణి. నేను చెప్పేది ఆయన నిదానంగా, నోరు పెద్దగా తెరిచి చెప్పేవాడు. ఆమె ఆయన మూతి చూసేది. జవాబు మాత్రం నన్ను చూసి చెప్పేది.”

సైకిలక్క గ్లాసు కింద పెట్టింది.

“ఏం చెప్పించేవారు?”

“పెద్ద మాటలేముంటాయి? మాత్ర వేసుకో. నీళ్ళు కావాలా? అటు తిరుగు, వీపు తుడుస్తాను. కిటికీ తియ్యనా?” ముసలాయన ఆగాడు. “ఒకసారి ఏడ్చింది. నీకు భారమయ్యాను అంది. అప్పుడు చెప్పించాను. ‘నిన్ను చూసుకోవడం నాకు కష్టం కాదు. నువ్వు కనపడకపోతేనే నాకు కష్టం.’ ఆ మాట చెప్పడానికి మీ ఆయన మొదట సిగ్గుపడ్డాడు. తల గోక్కున్నాడు. తర్వాత చాలా బాగా చెప్పాడు.”

గదిలో ఇంకెవరో ఊపిరి తీసినట్టయింది. ఆమె మంచం వైపు చూసింది. ఆ పక్కన కుర్చీలో తన మొగుడు కూర్చుని ఉంటాడు. మడిచిన చొక్కా చేతులతో, ముందుకు వంగి, ఎవరి భార్యకో ఎవరి మాటలో చెబుతూ. ఆ మాట తనకు ఎప్పుడూ చెప్పలేదు. తనను చూసుకోవాల్సిన అవసరమే ఆయనకు రాలేదు.

“చివరి రోజు నేనే ఫోను చేశాను” అన్నాడు ముసలాయన. “ఆమె పరిస్థితి బాగాలేదు. ‘నా మాట నేనే చెప్పుకోవాలి, పళ్ళు ఈ సాయంత్రానికే కావాలి, త్వరగా రా’ అన్నాను. ‘వచ్చేస్తున్నా, గేటు దగ్గర ఉండండి’ అన్నాడు. ఉన్నాను.”

సైకిలక్క లేచింది.

“త్వరగా రమ్మన్నారా?”

“అన్నాను.”

“ఆయనెప్పుడూ ఆ మలుపులో తొందరపడేవాడు కాదు” అంది. ఆమె గొంతు తనకే కొత్తగా వినపడింది. “ఇన్నేళ్ళూ గేటు చాటునుంచి చూస్తూ కూర్చున్నారు. ఒక్క మాట చెప్పడానికి నోరు రాలేదా?”

“ఆ తర్వాత కొన్నాళ్ళకి బెల్లు వినపడితే, ఆయనే వచ్చాడనుకున్నాను తల్లీ. పరుగెత్తాను. అదే సైకిలు, అదే చొక్కా. దగ్గరికి వస్తే నువ్వు. అప్పటి నుంచి రోజూ ఇవాళ చెప్పేద్దామని గేటు తీస్తాను. నీ మొహం చూడగానే చెయ్యి దానంతటదే మూసేస్తుంది.”

ఆమె బయటికి వచ్చి సైకిలును గొయ్యిలోంచి లాగింది. చైను ఊడింది. నల్లటి చేతులతో ఎక్కించింది. గుడ్డ తడిపి పెట్టె మూసింది. మోకాలు వంగడం లేదు. అయినా ల్యాబు దాకా తొక్కింది. దారిలో ఎవరు తిట్టారో, ఏ కుక్క వెంటపడిందో తెలియదు. రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. క్యారియరు మీద బరువు పెరిగినట్టు అనిపించింది.

ల్యాబు యజమాని ముక్కు దాకా ప్లాస్టరు దుమ్ముతో ఉన్నాడు. చుట్టూ అరల నిండా తెల్లటి నోళ్ళు. ఆయన అచ్చును వెలుతురులో తిప్పి చూశాడు.

“బతికే ఉంది. నీ మోకాలికేమైంది చెల్లెమ్మా?”

“అన్నగారూ, మా ఆయన పోయిన రోజు తీసుకెళ్ళిన పళ్ళు ఎవరివి?”

ఆయన చెయ్యి ఆగింది.

“ఇప్పుడెందుకది?”

“వాళ్ళకి మళ్ళీ చేసిచ్చారా?”

“క్లినిక్కు వాళ్ళు మళ్ళీ అచ్చు పంపుతారనుకున్నాను. పంపలేదు. ఆ గొడవలో నేనూ అడగలేదు.” దుమ్ము చేత్తోనే తల రుద్దుకున్నాడు. “వాళ్ళేమో నేనే చేస్తున్నాననుకున్నారేమో. మనిషి పోయాడుగా, పళ్ళ సంగతి ఎవరికి గుర్తుంటుంది?”

ఆమె అర ముందు నిలబడింది. ఇన్ని నోళ్ళు మోసింది. ఆ ఒక్క నోరు ఎవరిదని ఆమె కూడా అడగలేదు.

కోపం పోలేదు. అది ఉన్న చోటే ఉంది. కానీ దాని పక్కన ఇంకోటి వచ్చి కూర్చుంది. భర్త చివరిసారి మోసుకెళ్ళిన పని దారిలోనే పడి ఉంది. ఆ ముసలాయన దగ్గర ఆయన మాటలు ఉన్నాయి, ఎన్నో సాయంత్రాల మాటలు. ఆమె విన్నది ఒక్కటే.

మధ్యాహ్నం ఎండలో ఆమె మళ్ళీ సందులోకి తిరిగింది. ఈసారి గేటే తట్టింది.

“చొక్కా బాగానే ఉంది. చెప్పులు వేసుకోండి. క్లినిక్కుకి పోదాం.”

“నాకెందుకమ్మా ఇప్పుడు? ఎవరితో మాట్లాడాలి?”

“నాతో. ఆయన చేత చెప్పించినవన్నీ నాకు చెప్పాలి. ఒక్కటీ వదలకూడదు.”

ముసలాయన వీపు నిటారుగా పెట్టాడు. ప్రకటన చదవబోయే మనిషిలా.

“అన్నీ గుర్తున్నాయి. అయితే ఇలా నమిలి ఉమ్మినట్టు చెప్పను. పళ్ళు రానీ. ఒక్కో మాటా స్పష్టంగా చెప్తాను.”

క్యారియరు మీద పెట్టె స్థానంలో ఆయన్ని కూర్చోబెట్టింది. పెట్టె ఆయన ఒళ్ళో. బక్కమనిషి అనుకుంది గానీ, మొదటి ఎత్తు దగ్గరే ఆమె ఊపిరి అందలేదు.

“దిగనా?”

“కదలకండి. కాళ్ళు చక్రానికి దూరంగా పెట్టండి.”

“ఎడమవైపు గుంట ఉంది.”

“కనపడుతోంది.”

“ముందు బస్సు ఆగబోతోంది. దాని హడావుడి చూస్తే నాకు తెలుసు.”

“పెద్దాయనా, ప్లాట్‌ఫారం నంబరు కూడా చెప్తారా?”

వెనకనుంచి నవ్వు వినపడింది. గాలి నవ్వు. బస్‌స్టాపు దగ్గర నిలబడ్డ ఒకావిడ చూసి, “ఏం సైకిలక్కా, ఇవాళ నోరు కాకుండా మనిషినే మోస్తున్నావా?” అని అరిచింది. ఆమె జవాబుగా బెల్లు కొట్టింది.

వంతెన దిగే మలుపు వచ్చింది. ఆమె ఆపింది. ఆయన అడక్కుండానే దిగాడు. ఇద్దరూ చెరో పక్క సైకిలు పట్టుకుని, హారన్ల మధ్య నడిచారు. ఆయన తారు మీద ఏదో వెతుకుతున్నట్టు తల వంచుకుని నడిచాడు. ఎక్కడ అని అడగలేదు. ఆమె చెప్పలేదు.

క్లినిక్కు ముందు కాపలావాడు చెయ్యి అడ్డం పెట్టాడు. “సైకిలు లోపలికి రానివ్వద్దన్నారక్కా. కార్లకి చోటు చాలట్లేదు.”

“కారంత సైకిలా ఇది? చంకలో పెట్టుకోనా?”

“నాకు తెలుసక్కా. వాళ్ళకి తెలియాలిగా.”

చెట్టుకు చేరవేసి, ముసలాయన్ని మెట్లు ఎక్కించింది. డాక్టరమ్మకు ఆయన్ని గుర్తుపట్టడానికి సమయం పట్టింది. గుర్తుపట్టాక ఆవిడ చూపు సైకిలక్క మీదికి వచ్చి, అక్కడినుంచి దిగిపోయింది. “కూర్చోండి” అంది మెల్లగా.

పెద్ద దీపం వెలిగింది. గులాబి ముద్ద కలిపారు. తట్ట నోట్లోకి వెళ్ళగానే ముసలాయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గొంతు ఎగదన్నింది. గాల్లో తడుముతున్న చెయ్యి సైకిలక్క వేళ్ళను దొరకబుచ్చుకుంది. ఆమె ఇన్నేళ్ళూ అచ్చులు మోసిందే గానీ, ఒకటి తయారవుతుండగా పక్కన ఎప్పుడూ నిలబడలేదు.

“ముక్కుతో పీల్చండి. అయిపోయింది. ఇదిగో అయిపోయింది” అంది. అవి తన మాటలేనా అనిపించింది. అంత నిదానంగా, అంత మెత్తగా తను ఎప్పుడూ మాట్లాడదు.

పైదీ కిందిదీ రెండు అచ్చులూ తడిగుడ్డలో చుట్టింది. ముసలాయన ముఖం పాలిపోయి ఉంది. చొక్కా గుండీ ఒకటి విప్పి గాలి విసురుకుంటున్నాడు.

“ఈ కుర్చీలో కూర్చోండి. ఇవి ఆరకముందే ఇచ్చేసి వస్తాను. వచ్చి ఇంటి దగ్గర దింపుతాను.”

“తొందరేం లేదు తల్లీ” అన్నాడు ఆయన. ఆ మాట మాత్రం స్పష్టంగా వచ్చింది. “మలుపులో దిగి నడువు.”

ఆమె దిగే నడిచింది. ఎదురెండ, మోకాలి సలుపు, ఒకవైపు ఊరేగింపులా బారులు తీరి కదలని కార్లు, ఫుట్‌పాత్ మీదికి ఎక్కిన స్కూటర్లు. ఒక స్కూటరువాడు నడిచేవాళ్ళనే తప్పుకోమని హారన్ కొట్టాడు. రోజూ అయితే వాడికి నాలుగు తగిలించేది. ఇవాళ నవ్వొచ్చింది. రెండు మూడు వారాల్లో పళ్ళు వస్తాయి. అప్పుడు ఆ గదిలో, ఆ మంచం పక్కన, ఆయన కూర్చున్న కుర్చీలోనే కూర్చుంటుంది. వింటుంది. తన మొగుడి నోటి నుంచి వచ్చిన మాటలన్నీ ముసలాయన మూతి మీద చూస్తూ వింటుంది.

ల్యాబు యజమాని ఆ అచ్చులు చూశాడు. వేరే పనులన్నీ పక్కన పెట్టి ప్లాస్టరు కలిపాడు. గిన్నెను బల్లకు తట్టి బుడగలు పోగొట్టాడు. కొంచెం కొంచెంగా పోశాడు. ప్లాస్టరు గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది. ఆమె అరచెయ్యి దాని మీద పెట్టి చూసింది. జ్వరం వచ్చిన బిడ్డ నుదురులా ఉంది. చల్లబడ్డాక ఆయన గులాబి ముద్దను ఒలిచేశాడు. తెల్లటి చిగుళ్ళు బయటపడ్డాయి. పెదవి లోపలి మడత కూడా దిగింది.

“మంచి అచ్చు. ఒక్క బుడగ లేదు” అన్నాడు. పైదాన్నీ కిందిదాన్నీ వెనక అంచులు ఆనించి, తెరిచిన నోరులా కిటికీ గట్టు మీద ఆరబెట్టాడు.

ఆమె చేతులు కడుక్కుని బయల్దేరబోతుంటే ఫోను మోగింది. ఆయన తీశాడు. “ఆ” అన్నాడు. “ఎవరిది?” అన్నాడు. తర్వాత గోడ వైపు తిరిగి విన్నాడు.

“క్లినిక్కు నుంచి” అన్నాడు ఫోను పెట్టేసి. “ఇవాళ్టి ఆ పెద్దాయన పళ్ళ సెట్టు ఆపేయమన్నారు.”

“ఎందుకు? అచ్చు బాగానే ఉందన్నారుగా?”

ఆయన ఆమె వంక చూడకుండా చేతి దుమ్ము దులుపుకున్నాడు.

“కుర్చీలో కూర్చున్నట్టే ఉన్నాడట చెల్లెమ్మా. నిద్రపోయాడనుకున్నారట.”

ఆమె తడి చేతులు చొక్కాకు తుడుచుకుంది. ఒకసారి తుడిచాక, ఆరిన చేతులనే మళ్ళీ తుడిచింది. “దింపుతానన్నాను” అంది. గుమ్మం దాటింది. బయట సైకిలు స్టాండు తీసిన చప్పుడయింది. యజమాని గుమ్మం దాకా వెళ్ళాడు. ఆమె ఎక్కలేదు. నడిపించుకుంటూ, రోడ్డు అంచున, క్లినిక్కు వైపు పోతోంది.

ఆయన వెనక్కి వచ్చి దీపం వేశాడు. ఆపేసిన సెట్టు అచ్చులను మామూలుగా అయితే ఆ రోజే పగలగొట్టి బయట పోస్తాడు. చెయ్యి చాపాడు. మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు.

కిటికీ గట్టు మీద ఆ తెల్లటి నోరు, ఇంకా తడి ఆరకుండా, ఏదో మొదటి మాట దగ్గర ఆగినట్టు తెరుచుకునే ఉంది.